స్కాట్లండు పల్లెసీమలలో నిలువురాళ్ళు - పవిత్రమైన ఊటలు

స్కాట్లండు అనగానే మనకు కొండలు, కోటలు, సరస్సులు, గళ్ళ ఉన్నివస్త్రాలు తలపునకు వస్తాయి. ఆ దేశపు పల్లెసీమలలో కోటలకంటె ఎంతో ప్రాచీనమైనవి రెండు ఉన్నవి. ఒకటి, పొలాల నడుమ, బీడునేలల మీద, సముద్రతీరాన, నిలిపినవారి పేరైనా తెలియని పెద్ద పెద్ద నిలువురాళ్ళు. రెండవది, చెట్ల నీడన, రాళ్ళ సందున చడీచప్పుడు లేక ఊరుతూ ఉండే నీటిబుగ్గలు. వీటిని అక్కడివారు పవిత్రమైన బావులంటారు. బావి అన్నారు గదా అని మనము గిలకను, చేదను ఊహించుకోరాదు. ఇవి చాలావరకు త్రవ్వినవి కావు. నేల తనంత తానిచ్చిన చెలమలు.

ఈ రెండింటిని గూర్చి కలిపి చెప్పటానికి కారణమున్నది. రాయినీ నీటినీ కూడ అక్కడి జనం కొలిచారు. రెండింటినీ అధికారులు ఒకప్పుడు నిషేధించారు, మరొకప్పుడు కాపాడబూనుకొన్నారు. కాని వాటి తత్త్వంలో ఒక భేదమున్నది. మనిషి మరచిపోయినా రాయి నిలుస్తుంది. ఊటకు ఆ సౌకర్యం లేదు. వచ్చి చేయి పెట్టేవారు లేకపోతే ఆకు రాలి, బురద చేరి, కొన్నాళ్ళకు ఎక్కడ ఉండేదో చెప్పేవారు కూడ మిగలరు. ప్రాచీన వస్తువును నిజంగా కాపాడేది శాసనమా, లేక ఆచారమా అన్న ప్రశ్నకు ఈ రాళ్ళు, ఈ ఊటలు రెండు విధాల సమాధానం చెబుతాయి.

మొదట రాళ్ళ సంగతి. స్కాట్లండుకు వాయవ్యంగా, అట్లాంటిక్ మహాసముద్రంలో లూయిస్ అనే ద్వీపం ఉన్నది. అక్కడి కాలనిష్ అనే పల్లె దగ్గర, సముద్రపు పాయ ఒడ్డున, ఒక మిట్టమీద ఈ రాళ్ళు కనబడతాయి. నడుమ దాదాపు 16 అడుగుల ఎత్తు గల ఒక రాయి. దాని చుట్టు 13 రాళ్ళ వలయం. వలయం నుండి ఉత్తరంగా రెండు వరుసల రాళ్ళతో ఒక బాట. తక్కిన మూడు దిక్కులకు ఒక్కొక్క వరుస. పైనుండి చూస్తే శిలువ ఆకారం తోస్తుంది. కాని వీటిని నిలిపిన కాలం క్రీస్తుకు పూర్వం 2900 ప్రాంతం. శిలువకు ఇంకా మూడువేల ఏండ్లు ఉన్నది. ఆ రాయి గ్నైస్ అనే జాతిది. భూమిమీద మిక్కిలి పాతరాళ్ళలో అదొకటి. దాని వయస్సు వందల కోట్ల సంవత్సరాలు.

ఈ రాళ్ళను నిలిపినవారు వ్రాత నెరుగరు. ఎందుకు నిలిపారన్నదానికి చంద్రుడిని సాక్ష్యంగా తెచ్చేవారు కొందరున్నారు. చంద్రుడు ఉదయించే చోటు, అస్తమించే చోటు సుమారు 18 ఏండ్ల 7 నెలలకొకసారి ఉత్తర దక్షిణాలకు మిక్కిలి దూరంగా జరుగుతాయి. అట్టి కాలంలో, ఎంతో ఉత్తరాన ఉన్న ఆ ద్వీపం నుండి చూస్తే, నెలకొకసారి చంద్రుడు ఆకాశంలో పైకెక్కక, దక్షిణాన ఉన్న కొండల అంచునే తాకుతున్నట్లు జరిగిపోతాడు. 2024, 2025 సంవత్సరాలలో అట్టి కాలం వచ్చినది; దాన్ని చూడటానికి దూరదేశాల నుండి జనం వచ్చారు. రాళ్ళను ఈ దృశ్యం కొరకే నిలిపారా అన్నది పండితులలో తెగని చర్చ. ఐతే నిలిపినవారు కొండల వరుసను, ఆకాశాన్ని శ్రద్ధగా గమనించినవారని ఊహించటానికి అడ్డేమీ లేదు.

కాలం గడిచినది. వాతావరణం చల్లబడి, తేమ హెచ్చినది. చిత్తడినేలలో నాచు, గడ్డి పూర్తిగా కుళ్ళక పొరలు పొరలుగా పేరుకొని నల్లని మన్ను అవుతుంది. దానిని పీట్ అంటారు. ఎండబెట్టి పొయ్యిలో కాలుస్తారు. ఆ మన్ను వేల ఏండ్లలో కాలనిష్ రాళ్ళను మొదళ్ళ నుండి ఐదడుగుల వరకు కప్పివేసినది. 1857లో ఆ ద్వీపానికి యజమాని ఐన జేమ్స్ మాథిసన్ దానిని తీయించాడు. అప్పుడు వలయం నడుమ ఒక చిన్న సమాధి కూడ బయటపడినది. ఇన్నాళ్ళు ఆ రాళ్ళను కాపాడినది ఎవరు? మనిషి కాదు, మన్ను. ఐతే మన్ను పేరును కాపాడలేదు, కథను కాపాడలేదు. ఆ పని ఊరివారు చేశారు. క్రైస్తవ సాధువు కీరన్ ఆ ద్వీపానికి వచ్చినప్పుడు, ఆయన మాట వినని రాక్షసాకారులు రాళ్ళైపోయారని వారు చెప్పుకొన్నారు. ఆ కథ నిజం కాకపోవచ్చును. రాయిని కదిలించరాదన్న భయాన్ని అది తరతరాలకు అందించినది.

1695 ప్రాంతంలో మార్టిన్ మార్టిన్ అనే ఆయన ఈ ద్వీపాలు తిరిగి, ఊరివారిని అడిగి, వారు చెప్పినది వ్రాసుకొన్నాడు. ఇది పూర్వమతంవారి ఆరాధనాస్థలమని, వారి పురోహితుడు నడిమి రాతి దగ్గర నిలిచి ఉపదేశించేవాడని ఊరివారు ఆయనకు చెప్పారు. పురోహితుల కాలానికి ఈ రాళ్ళు అప్పటికే రెండువేల ఏండ్ల పాతవని నేటి పరిశోధన తేల్చినది. ఐనా ఊరివారి నోటిమాటను గౌరవించి గ్రంథస్థం చేసిన పద్ధతి గొప్పది.

ఈ పద్ధతి మన తెలుగుదేశానికి కొత్తది కాదు. గ్రామగ్రామాన కరణాలను, పెద్దలను అడిగి కైఫీయతులు వ్రాయించిన కల్నల్ కాలిన్ మెకంజీ పుట్టినది ఈ లూయిస్ ద్వీపంలోనే, స్టోర్నోవే పట్టణంలో. కాలనిష్ అక్కడికి ఒక పూట ప్రయాణం. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సహాయంతో ఆయన సేకరించిన స్థానిక చరిత్రలు, అమరావతి స్తూపాన్ని గూర్చి ఆయన చేయించిన చిత్రాలు నేటికీ మన చరిత్రకారులకు ఆధారాలు. అమరావతి రాళ్ళు సున్నపుబట్టీలకు, కట్టడాలకు పోతున్న రోజులలో వాటిని చిత్రించిన బృందం ఆయనది. రాయికి శత్రువు కాలం కాదని, అవసరం కలిగిన మనిషేనని ఆ కథ కూడ చెబుతున్నది.

స్కాట్లండులోనూ అంతే జరిగినది. ఉత్తరాన ఆర్క్నీ దీవులలో స్టెన్నెస్ అనే చోట క్రీస్తుకు పూర్వం 3000 ప్రాంతపు రాళ్ళున్నవి. వాటికి దగ్గరలో ఓడిన్ రాయి అని ఒకటి ఉండేది. దానికి ఒక రంధ్రం. పెండ్లాడదలచిన యువతీయువకులు రాతికి ఇరువైపుల నిలిచి, ఆ రంధ్రంలో నుండి చేయి చేయి కలిపి ప్రమాణం చేసేవారు. ఆ ప్రమాణానికి ఊరంతా విలువ ఇచ్చేది. 1814 డిసెంబరులో ఆ పొలాన్ని కౌలుకు తీసుకొన్న వ్యక్తి, జనం రాకపోకల వలన విసిగి, ఆ రాయిని పగులగొట్టి, మరికొన్ని రాళ్ళను పడగొట్టాడు. ఊరివారి కోపానికి అంతు లేకపోయినది. తగవు అధికారుల దాకా పోయి మిగిలిన రాళ్ళు దక్కినవి కాని, ఓడిన్ రాయి పోయినది. దాదాపు ఐదువేల ఏండ్లు నిలిచిన రాయికి ఒక్క మనిషి విసుగు చాలినది.

ఇట్టి నష్టాలు పలుచోట్ల జరిగిన తరువాత, 1882లో బ్రిటిష్ పార్లమెంటు ప్రాచీన కట్టడాల రక్షణ శాసనం చేసినది. మొదటి పట్టికలోనే కాలనిష్ రాళ్ళు, స్టెన్నెస్ రాళ్ళు చేరినవి. నేడు వాటిని ప్రభుత్వపు శాఖ కాపాడుతున్నది. పిక్టులనే జాతివారు తరువాతి కాలంలో చెక్కిన శిలాఫలకాలను కూడ ఎంతో శ్రద్ధతో చూస్తున్నారు. ఆబర్లెమ్నో అనే ఊరి ఫలకాలకు శీతకాలంలో మంచు తగులకుండ చెక్కపెట్టెలు తొడుగుతారు. ఫారెస్ పట్టణం దగ్గర 20 అడుగులకు మించిన ఎత్తు గల స్వేనో శిలకు చుట్టూ అద్దాల గది కట్టారు.

ఆబర్డీన్ ప్రాంతంలో మరొక విధమైన రాతివలయాలు ఉన్నవి. వీటిలో ఒక పెద్ద రాయి నిలబడి ఉండదు, పడుకొని ఉంటుంది. దానికి ఇరుపక్కల రెండు ఎత్తైన రాళ్ళు కావలివారివలె నిలుస్తాయి. ఈ తీరు వలయాలు ఆ ఒక్క ప్రాంతంలోనే 70కి పైగా తెలిసినవి. ఓల్డ్ కీగ్ అనే చోట పడుకొన్న రాయి బరువు దాదాపు 50 టన్నులు. ఈ వలయాలను గూర్చి ఇటీవల ఒక వినోదం జరిగినది. 2018 చివర ఒక పొలంలో ఇట్టి వలయం కొత్తగా బయటపడినదని ప్రకటించారు. వలయం చిన్నది, చక్కనిది. పండితులు సంతోషించారు. మరుసటి నెల, 2019 జనవరిలో, ఆ పొలం పూర్వపు యజమాని, దానిని 1990ల నడుమ తానే కట్టించానని తెలియజేశాడు. నవ్వుకొనదగినదే గాని, ఇందులో ఒక మాట ఉన్నది. నాలుగువేల ఏండ్ల నాటి ఆకృతి ఒక రైతు కంటికి ఇంకా అందంగా తోచి, తన పొలంలో అట్టిది ఒకటి ఉండాలనిపించినది. రాళ్ళు ఇంకా మాటాడుతున్నవనే గదా దీనికి అర్థం!

ఇక ఊటల సంగతి. వీటిని గూర్చిన పాత వ్రాత ఒకటి ఏడవ శతాబ్ది చివరిది. కొలంబా అనే సాధువు 563లో ఐర్లండు నుండి వచ్చి అయోనా ద్వీపంలో మఠం స్థాపించాడు. ఆయన చరిత్రను, ఆ మఠానికే తరువాత అధిపతి ఐన అడోమ్నాన్ వ్రాశాడు. అందులో ఒక కథ ఉన్నది. పిక్టుల దేశంలో ఒక ఊటను జనం దేవతగా కొలిచేవారు. కాని ఆ నీరు త్రాగినవారికి, అందులో కాలుచేతులు కడిగినవారికి కుష్ఠు, అంధత్వం వంటి రోగాలు వచ్చేవట. కొలంబా దగ్గరకు పోయి, ఆశీర్వదించి, కాలుచేతులు కడుగుకొని, ఆ నీరే త్రాగాడు. అంతటితో ఆ నీటికి రోగాలు కుదిర్చే గుణం వచ్చినదట. మహిమను పక్కన పెట్టి చూస్తే ఇందులోని యుక్తి తెలుస్తుంది. కొత్తమతం ఊటను పూడ్చలేదు. దాని పేరు మార్చినది. దేవత పోయి సాధువు వచ్చాడు. జనం నడిచే బాట మాత్రం పాతదే.

ఊటల మహిమ అంతా భ్రమయేనా అంటే, కొన్నింటికి కారణం కనబడుతుంది. ఎడింబరో నగరానికి దక్షిణాన లిబర్టన్ అనే చోట సెయింట్ కాథరీన్ పేర ఒక బావి ఉన్నది. దాని నీటిమీద నల్లని జిడ్డు తేలుతుంది. చర్మరోగాలు గలవారు ఆ జిడ్డు పూసుకొనేవారు. సీనాయి కొండమీది కాథరీన్ సమాధి నుండి మార్గరెట్ రాణికై తెచ్చిన తైలం నాలుగు బొట్లు అక్కడ ఒలికినవని కథ. ఆ నేల క్రింద నూనెను ఇముడ్చుకొన్న రాతిపొరలున్నవని భూగర్భశాస్త్రజ్ఞులు చెబుతారు. తారు కలిసిన లేపనాలను చర్మవ్యాధులకు వైద్యులు కూడ వాడినారు గనుక, అక్కడికి నడిచినవారి నమ్మకం కేవలం నిరాధారమని త్రోసివేయలేము.

1560లో స్కాట్లండులో మతసంస్కరణ జరిగినది. సాధువుల పూజ, యాత్రలు, తీర్థాలు అన్నీ విగ్రహారాధన క్రింద లెక్క అయినవి. 1581లో అక్కడి పార్లమెంటు ఒక శాసనం చేసినది. బావులకు, శిలువలకు, పాత ప్రార్థనాలయాలకు యాత్ర పోయినవారికి మొదటి తప్పునకు వారి స్థితిని బట్టి జుల్మానా. రెండవ తప్పునకు మరణదండన. ఆనాటి రాజు ఆరవ జేమ్స్. అప్పటికి ఆయన పదిహేనేండ్ల బాలుడు. ఆ రాజే తరువాత ఇంగ్లండు సింహాసనం కూడ ఎక్కి, 1617లో స్వదేశానికి వచ్చినప్పుడు, లిబర్టన్ బావిని చూచి, దానికి రాతి కట్టడం, దిగటానికి మెట్లు కట్టించుమని ఆజ్ఞాపించాడు! తన పేరనున్న శాసనం నిషేధించిన చోటికి రాజే స్వయంగా మెట్లు కట్టించాడన్నమాట. 1650లో క్రామ్‌వెల్ సైనికులు దానిని పాడుచేశారు. తరువాత మళ్ళీ బాగుచేశారు.

రాజుకు చెల్లినది రైతుకు చెల్లలేదు. ఊటకు పోయిన ఆడవారిని, ముసలివారిని చర్చి పెద్దలు పిలిపించి, సభలో మందలించి, పశ్చాత్తాపం ప్రకటింపజేసేవారు. ఐతే ఇందులో ఒక విచిత్రమున్నది. ఎవరు ఏ ఊటకు పోయారు, ఎన్ని ప్రదక్షిణలు చేశారు, ఏమి అర్పించారు అన్న వివరాలు నేడు మనకు తెలిసేది చాలావరకు ఆ చర్చి సంఘాల పుస్తకాల వలననే. నిషేధించినవారే ఆచారానికి చరిత్రకారులైనారు. 1656లో డింగ్‌వాల్ మతసంఘం వ్రాసిన వ్రాతలను బట్టి, మరీ సరస్సు ప్రాంతంలో మేల్‌రూబా సాధువు పేర ఆగస్టు 25న ఎద్దులను బలి ఇచ్చేవారని, ఊటలను పూజించేవారని తెలుస్తున్నది.

ఆ సరస్సు నడుమ ఒక చిన్న దీవి. అందులో ఒక ఊట, ఒక సింధూరవృక్షం. మతి చలించినవారిని పడవకు కట్టి దీవి చుట్టు మూడుసార్లు త్రిప్పి, ఆ ఊట నీరు త్రాగించేవారు. రోగికి అది చికిత్స కంటె హింసయే అనక తప్పదు. పాత ఆచారమైనంత మాత్రాన అన్నీ మెచ్చదగినవి కావు. చెట్టుకు మొదట మేకులు, గుడ్డపేలికలు, తరువాత నాణెములు అర్పించసాగారు. నాణెమును బెరడులోకి దిగగొట్టటం ఆచారం. 1877లో విక్టోరియా రాణి ఆ దీవికి పోయి, తానూ ఒక నాణెము అర్పించినది. ఆ పేరు విని యాత్రికులు హెచ్చారు, నాణెములు హెచ్చినవి. చివరకు ఆ లోహానికి చెట్టు చచ్చినది, ఊట ఎండినది. మరణదండన చేయలేని పనిని భక్తి చేసినది.

ఇట్టి చిక్కే నేడు ఇన్వర్నెస్ పట్టణానికి ఉత్తరాన మన్‌లోకీ గ్రామం దగ్గర కనబడుతుంది. అక్కడి అడవిలో క్లూటీ బావి ఉన్నది. స్కాట్ భాషలో క్లూట్ అంటే గుడ్డపేలిక. రోగి బట్టలోని పేలికను ఊటనీటిలో తడిపి, నొప్పి ఉన్నచోట అద్ది, దగ్గరి చెట్టుకు కడతారు. పేలిక క్రమంగా చివికిపోతే రోగం కూడ అట్లే తగ్గుతుందని నమ్మకం. ఒకరు కట్టిన పేలికను మరొకరు తీస్తే ఆ రోగం తీసినవారికి తగులుతుందని భయం. చూడండి, ఈ ఆచారంలో రెండు అంగాలున్నవి: పేలిక చివకాలి, దానిని ఎవరూ ముట్టరాదు. బట్ట ఉన్నిదో నారదో ఐనంత కాలం ఈ రెండింటికి విరోధం లేదు. ఎండ, వాన తామే శుభ్రం చేసేవి. నేడు కడుతున్నవి చాలావరకు కృత్రిమపు నూలు బట్టలు, ప్లాస్టిక్ వస్తువులు. అవి చివకవు. కొమ్మలు బరువుకు వంగి, అడవి చెత్తకుప్పవలె తయారైనది. తీయబోతే ఆచారభంగం, తీయకపోతే అడవికి చేటు. 2022 జనవరిలో ఎవరో వచ్చి అక్కడివన్నీ ఊడ్చివేశారు. వారు బహుశా మంచే తలచి ఉంటారు. కాని అందులో పోయినవారిని తలచుకొని కట్టిన గుర్తులు కూడ ఉన్నవి. ఊరివారు ఎంతో బాధపడ్డారు.

ఇన్వర్నెస్‌కు మరొకవైపు, 1746 యుద్ధానికి పేరుపొందిన కల్లోడెన్ దగ్గర కూడ ఇట్టి బావి ఉన్నది. మే నెల మొదటి ఆదివారం అక్కడికి పోవటం వాడుక. ఇరవయ్యవ శతాబ్ది మొదటి సగంలో వేలకొలది జనం వచ్చేవారు. ఊటలో వేసిన నాణెములు ధర్మకార్యాలకు పోయేవి. క్రమంగా రద్దీ తగ్గినది. శాసనం గాని, సైన్యం గాని ఇందుకు కారణం కాదు; పిల్లలకు తెలియజెప్పే తల్లులు తగ్గారు.

మరి ఆచారం చక్కగా నిలిచినచోటు లేదా? ఉన్నది. పెర్త్ ప్రాంతంలో గ్లెన్ లయన్ అనే పొడవైన లోయకు పైన, మనుష్యసంచారం లేని చోట, మోకాలెత్తు రాతిగుడిసె ఒకటి ఉన్నది. దాని పేరు టై నమ్ బొదాఖ్, అనగా ముసలాయన ఇల్లు. లోపల కొన్ని రాళ్ళు. ఏటినీరు ఒరుసుకొని నడుము సన్నబడిన గులకరాళ్ళే గాని, చూడటానికి మనుష్యుల బొమ్మలవలె ఉంటాయి. పెద్దది ముసలమ్మ, తరువాత ముసలాయన, వారి బిడ్డలు. ఒకప్పుడు మంచుతుఫానులో వచ్చిన ముసలి దంపతులకు లోయలోనివారు ఆశ్రయమిచ్చారట. తమను వేసవిలో బయట, చలికాలంలో లోపల ఉంచినంతకాలం లోయ పచ్చగా ఉంటుందని వారు దీవించారట. పూర్వం పశువులను మేతకు తోలుకొనిపోయే మే మొదట, తిరిగి దింపుకొనే నవంబరు మొదట, ఈ రాళ్ళను బయట పెట్టి, లోపల పెట్టి, గుడిసె సందులను నాచుతో మూసేవారు. నేడు ఆ మేతలు లేవు. ఐనా ఆ భూమిని కనిపెట్టుకొని ఉండేవారు ఈ పని మానలేదు.

దానికి దగ్గరి కిల్లిన్ గ్రామంలో ఫిల్లన్ సాధువు పేర ఎనిమిది రాళ్ళున్నవి. ఒక్కొక్కటి ఒక్కొక్క అవయవపు నొప్పికి. ప్రతి ఏడు క్రిస్మసు ముందురోజున, ఏరు ఒడ్డుకు తెచ్చిన గడ్డి, పుల్లలతో వాటికి కొత్త పక్క వేయటం ఆచారం. రాళ్ళకు పక్క ఎందుకని అడుగవచ్చును. ఏటికొకసారి ఎవరో ఒకరు వాటిని చేతులలోనికి తీసుకొనాలి. అంతకుమించిన కాపలా ఏమున్నది?

కాలనిష్ రాళ్ళను మన్ను కాపాడినది, శాసనం కాపాడుతున్నది. ఓడిన్ రాయికి ఏ శాసనమూ వేళకు రాలేదు. ఊటలను నిషేధం చంపలేదు. ఒకటి రెండింటిని అదుపు లేని భక్తి చంపినది. పెక్కింటిని మరపు చంపినది. శాసనం రాతి చుట్టు కంచె వేయగలదు. ఊట దగ్గరకు మనిషిని నడిపించలేదు. అది ఇంటింట పెద్దలు చేయవలసిన పని.

చదువులకు, ఉద్యోగాలకు స్కాట్లండు పోయిన మన పిల్లలు నేడు ఎందరో ఉన్నారు. 2003 నాటి భూసంస్కరణ శాసనం ప్రకారం అక్కడ బాధ్యతగా మెలగే ఎవరికైనా పొలాల మీదుగా, కొండల మీదుగా నడిచే హక్కు ఉన్నది. వారికి ఉత్తరం వ్రాసేటప్పుడు ఈ నాలుగు మాటలు కూడ వ్రాయండి. నిలువురాళ్ళ దగ్గర ఒక్క గులకరాయినైనా కదిలించవద్దు. పశువుల దడి తలుపు తీస్తే తిరిగి వేయాలి. క్లూటీ బావి దగ్గర కట్టదలిస్తే నూలు పేలికయే కట్టాలి, అదీ చిన్నది. పక్క ఊరిలోని ముసలివారెవరైనా కనబడితే, ఆ ఊట పేరేమని అడిగి వ్రాసుకొని రావాలి. స్టోర్నోవేలో పుట్టిన ఒక మనిషి మన పల్లెలలో అడిగించి వ్రాయించినది అదే గదా.